గోడ అవతలి దగ్గు

"మీ ఇంట్లో ఎవరైనా దగ్గుతున్నారా?"

ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ మామూలుగానే అడిగింది. ఇత్వారిన్ కూడా అంతే మామూలుగా, "లేదమ్మా, ఎవరూ లేరు," అనేసింది. అన్న మరుక్షణం ఆమె గుండె ఆగినంత పనైంది! ఒళ్ళో ఎనిమిదేళ్ళ ఫిరంతిన్ వాడిపోయి పడుకుని ఉంది. పిల్ల మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ. ఆ గడ్డలోంచి సూదితో నీరు తీసి పరీక్షకు పంపిస్తే క్షయ అని తేలింది. ఫిరంతిన్ ఇత్వారిన్ కన్న బిడ్డ కాదు. బావగారి కూతురు. మూడేళ్ళప్పుడు తల్లిని పోగొట్టుకుని, ఆ రోజు నుంచీ పిన్ని కొంగు పట్టుకునే పెరిగింది.

"పిల్లలకి ఇది ఊరికే రాదు ఇత్వారిన్! పక్కన పడుకునేవాళ్ళో, పక్కన కూర్చునేవాళ్ళో ఎవరో ఒకరు దగ్గుతూ ఉండాలి. నువ్వు మితానిన్‌వి. నీకు నేను చెప్పాలా?" అంది నర్సమ్మ.

చెప్పనక్కర్లేదు... శివనాథ్ ఏటి ఒడ్డున మా జాలరి వాడ కేవట్ పారాలో అరవై గడపలు, అన్నీ వల మీద బతికేవే. ఆ గడపలవాళ్ళంతా కూర్చుని, మా రోగాలూ నొప్పులూ కనిపెట్టుకుని ఉండే నేస్తం ఈ పిల్లే కావాలని ఆరేళ్ళ కిందట ఇత్వారిన్‌ని మితానిన్‌గా ఎంచుకున్నారు. ఎవరైనా రెండు వారాలు దగ్గారంటే చాలు, తెమడ డబ్బీ పట్టుకుని వాళ్ళ గుమ్మంలో ప్రత్యక్షమయ్యేది. "అమ్మో, గట్టిగా దగ్గకండి, ఇత్వారిన్ వింటుంది!" అని వాడలో హాస్యాలాడుకునేవాళ్ళు. అలాంటి మనిషి పుస్తకంలో మొదటి పేజీ ఆమె సొంత ఇల్లే. ఉన్నవాళ్ళు నలుగురు, దగ్గు ఎవరికీ లేదు అని నెల నెలా ఆమె చేత్తోనే రాసుకుంది. నిజానికి ఆ ఇంట్లో ఉన్నది ఐదుగురు!

ఆ ఐదో మనిషి బావగారు, మొగుడి అన్న బిసాహు. మాలో కోడలు బావగారి ఎదుట పడదు. ఆయన వస్తున్నాడంటే ముసుగు గడ్డం కిందికి దిగాలి, కోడలు గోడ చాటుకు పోవాలి. పొరపాటున చెయ్యి తగిలితే ఇద్దరూ తలస్నానం చేసి ఆ పూట పస్తుండాలి. ఆయన పేరు ఆమె నోట రాకూడదు. నోట రాకూడని పేరు రాయడానికి ఇత్వారిన్‌కి చెయ్యి రాలేదు. తర్వాత ఎవరిచేతనైనా రాయించుకుందాంలే అనుకుంది. ఆ తర్వాత అన్నది ఆరేళ్ళయినా రాలేదు. తొమ్మిదేళ్ళ కాపురంలో ఆమె ఆయన మొహమే చూడలేదు... కానీ దగ్గు? ముందు గదికీ వంటింటికీ మధ్య ఒక్క మట్టి గోడ. ఆ గోడ అవతల వానాకాలం నుంచీ వినిపిస్తున్న దగ్గు తెలియదని ఏ నోటితో అంటుంది! ఊరందరి దగ్గూ విన్న చెవులు సొంత ఇంటి దగ్గును పక్కింటి రోకలి చప్పుడులా వదిలేశాయి. పిల్లని భుజాన వేసుకుని ఇంటికి నడుస్తుంటే దారి పొడుగునా తనని తాను తిట్టుకుంది ఇత్వారిన్.

గుమ్మంలోనే అత్త బుధియారిన్ ఎదురైంది. విషయం వినగానే ఆమె మొహం మాడిపోయింది.

"బీడీ దగ్గే అది! వాళ్ళ నాన్నా అలాగే దగ్గేవాడు."

"రక్తం పడుతోందా అత్తా?"

బుధియారిన్ గోడ పట్టుకుని లోపలికి తిరిగింది.

"అత్తా... మిమ్మల్నే అడుగుతున్నా! గుడ్డలు మీరే ఉతుకుతున్నారుగా?"

"నెమ్మదిగా మాట్లాడవే, గోడలు వింటాయి! పడితే పడింది... ఏటిలో చలికి పడింది. ఏం, వాడి పేరు పుస్తకంలో ఎక్కించి ఊరంతా చాటిస్తావా? ఇప్పటికే ఆ పక్కింటావిడ ఏమందో తెలుసా? ఇంట గెలవలేనిది రచ్చ గెలవడానికి బయల్దేరింది అంది! నా ఇంటి పరువు నీ సంచిలో పెట్టుకుని గడప గడపకీ తిప్పుతావా కోడలా?"

"పరువు కోసం పిల్లని చంపుకుందామా!" ఇత్వారిన్ పిల్లని భుజం మీంచి దించింది. "ఆ పిల్ల మెడ ఒక్కసారి తడిమి చూడండి... ఆ గడ్డ నా పాపం అత్తా, నా పాపం! నేను వింటూ ఊరుకున్న పాపం..." అంటూ నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. బుధియారిన్ చేతులు గాలిలో వెతుక్కుంటూ వచ్చి మనవరాలి మెడ మీద ఆగాయి. ఆ తర్వాత ఆమె ఇంక వాదించలేదు.

కానీ బావగారికి డబ్బీ ఇచ్చేదెవరు? తెమడ ఎలా ఉమ్మాలో చెప్పేదెవరు? ఇత్వారిన్ మొగుడు తీజూ దీపావళి వెళ్ళగానే ఇటుక బట్టీల పనికి పోయాడు, వానలు పడేదాకా రాడు. చివరికి ఇత్వారిన్ తన భోజలికి కబురు పెట్టింది. పెళ్ళయిన కొత్తలో శ్రావణంలో గోధుమ మొలకలు ఏట్లో కలిపే పండగ నాడు, ఒకరి చెవిలో ఒకరు మొలకలు పెట్టుకుని ఇద్దరూ జన్మంతా విడిపోని నేస్తాలు, భోజలులయ్యారు. ఆ రోజు నుంచీ పేర్లు లేవు, ఇద్దరూ ఒకరికొకరు భోజలులే. ఆమె సత్నామీ పారా మితానిన్. మా వాళ్ళు సత్నామీల చేతి నీళ్ళు తాగరు. బుధియారిన్ అయితే ఆమెను ఏనాడూ వాకిలి దాటి రానివ్వలేదు.

"సీతారామ్ భోజలీ!" అంటూ మర్నాడే దిగింది ఆవిడ. వాకిట్లోనే నిలబడి ముందు గదిలోకి కేక వేసింది. "అన్నా! బయటికి రా. నేను నీ తమ్ముడి పెళ్ళాన్ని కాదు, నా మొహం చూడొచ్చు. అంత అందమైందేం కాదులే, జడుసుకోకు!"

లోపల్నుంచి నవ్వబోయిన చప్పుడు... నవ్వు దగ్గులోకి తిరిగింది. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. వంటింట్లో ఇత్వారిన్ రెండు చెవులూ మూసుకుంది. భోజలి మాత్రం నవ్వడం మానేసి, డబ్బీ మూత తీసి, ఎలా ఊపిరి పీల్చాలో, ఎక్కడి నుంచి తెమడ తేవాలో ఓపిగ్గా చెప్పింది. నాలుగు రోజులకి పరీక్ష కాగితం వచ్చింది. బిసాహుకి క్షయ! తండ్రికీ కూతురికీ ఒకేసారి మాత్రలు మొదలయ్యాయి. ఆరు నెలలు, రోజూ పొద్దున్నే, ఎవరో ఒకరు ఎదురుగా ఉండి మింగించాలి.

"నా కళ్ళెదుటే మింగిస్తాను. నువ్వా గదిలోకి తొంగి చూడనక్కర్లేదు," అని తేల్చేసింది బుధియారిన్.

అలా రెండు నెలలు గడిచాయి. పొద్దున్నే ఫిరంతిన్‌కి తన చేత్తో మాత్రలు వేసి, గోడ ఇవతల నిలబడి "అత్తా, అక్కడ అయిందా?" అని అడిగేది ఇత్వారిన్. "అయింది, మింగాడు!" అని బదులొచ్చేది. పిల్ల మెడ గడ్డ కరగసాగింది, బుగ్గలు కాస్త నిండాయి. గోడ అవతలి దగ్గు మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. రెండో పరీక్షలోనూ తెమడలో క్షయ పురుగు ఉందనే వచ్చింది. "మందు సరిగ్గా పడుతోందా?" అని డాక్టరమ్మ అనుమానంగా అడిగితే, "మా అత్త దగ్గరుండి మింగిస్తోందమ్మా," అని ఇత్వారిన్ ఒట్టు పెట్టినంత గట్టిగా చెప్పింది.

పుష్యమాసం వచ్చింది. ఛేర్‌ఛేరా పండగ పున్నమికి ముందు ఇల్లు అలుక్కోవాలి. బావగారు ఏటికి వెళ్ళిన వేళ చూసి, ఇత్వారిన్ పేడనీళ్ళ కుండతో ముందు గదిలోకి వెళ్ళింది. మూలన చిరిగిన పాత వల కుప్ప. జరుపుదామని ఎత్తితే దాని కింద కొబ్బరి చిప్ప... చిప్ప నిండా మాత్రలు! ఎర్రగా, తడికి కొన్ని ఒకదానికొకటి అంటుకుపోయి... ఇత్వారిన్ చేతిలో కుండ జారి పగిలింది. ఇన్ని రోజులూ ఆమె పుస్తకంలో పెట్టుకున్న టిక్కులన్నీ ఆ చిప్పలో కుళ్ళుతున్నాయి!

సాయంత్రం బిసాహు ఏటి నుంచి వచ్చి కూర్చున్న అలికిడి విని, ఇత్వారిన్ వంటింటి గోడ ఎదురుగా నిలబడింది. ముసుగు గడ్డం దాకా ఉంది. కానీ నోరు ఆగలేదు.

"గోడా! నీకే చెబుతున్నా! ఈ ఇంట్లో ఒకరికి బతకాలని ఉందో లేదో కనుక్కుని చెప్పు! బిడ్డకి ఆ జబ్బు అంటిందే, ఆ బిడ్డ మళ్ళీ పడకెక్కితే ఎవరు బాధ్యులో అడిగి చెప్పు!"

అవతల వల పక్కన పెట్టిన చప్పుడైంది. తర్వాత, తొమ్మిదేళ్ళలో మొదటిసారి, ఆ గొంతు ఆమె మాటకి బదులు చెప్పింది. బొంగురుగా, మెల్లగా, గోడకే చెబుతున్నట్టు.

"గోడా... ఖాళీ కడుపులో ఆ మాత్రలు నిప్పులు పోస్తున్నాయని చెప్పు. నాలుగు రోజులు మింగి వాంతి చేసుకున్నాను. వల లాగే ఓపిక పోతోంది. వల లాగకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు."

"ఖాళీ కడుపెందుకూ! రెండు పూటలా పళ్ళెం పంపుతున్నాగా!"

"పళ్ళెం వస్తోంది... అందులో బాసీ చద్దన్నం మీది నీళ్ళు తాగి, మెతుకులు పిల్ల పళ్ళెంలో కలుపుతున్నాను."

ఇత్వారిన్‌కి అర్థం కాక ఎందుకని అడిగింది. ఆ తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చింది. రేషన్ కార్డు ఆయన పేర ఉంది. ముప్ఫై ఏళ్ళుగా వల తాడు లాగి లాగి ఆయన వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. దుకాణంలో మిషన్ మీద వేలు పెడితే, మనిషి వేలు కాదన్నట్టు వెనక్కి తోసేస్తోంది. నాలుగు నెలల నుంచీ బియ్యం లేవు! ఇంట్లో మాత్రం "సరుకు ఆలస్యంగా వస్తోందట" అని చెబుతూ, చేపలు దొరికిన రోజు చేపలిచ్చి బియ్యం తెస్తున్నాడు. దొరకని రోజు ఒడ్డునే తినేశానని అబద్ధం ఆడుతున్నాడు.

"చెప్పొచ్చుగా... అడగొచ్చుగా..." ఇత్వారిన్ గోడకి తల ఆనించి ఏడ్చింది. "ఊళ్ళో అందరి కాగితాలూ పట్టుకుని తిరిగేది నేనేగా! నాకు చెప్పకూడదా?"

"ఎలా చెప్పను గోడా? పిల్ల పెరగాలి. ఆ అమ్మాయి ఊరంతా తిరిగొచ్చి నాలుగు మెతుకులు తినాలి. ఇక ఈ దగ్గు సంగతి... మితానిన్ ఇంట్లోనే క్షయ ఉందంటే ఏ గడప ఆమెని ఎక్కనిస్తుంది? ఆ పనిలో ఆమె మొహం ఎలా వెలుగుతుందో నేను చూడలేదు గానీ, నడకలో వినిపిస్తుంది. నా భార్య పోయినప్పుడు మారు మనువుకి ఇంకొకరికి గాజులు తొడిగి తెచ్చుకోమని అందరూ అన్నారు. నా బిడ్డకి తల్లి ఇంట్లోనే ఉందన్నాను. అలాంటి మనిషికి నా వల్ల తలవంపులా?"

ఇత్వారిన్ ఇక నిలబడలేకపోయింది. గోడ పక్కనే చతికిలబడి, అంతలోనే ఏదో తట్టి గిరుక్కున తిరిగింది. "అత్తా! రోజూ మీ కళ్ళెదుటే మింగించారుగా! మింగాడు మింగాడు అన్నారుగా!"

మూల కూర్చున్న బుధియారిన్ రెండు చేతులతో తల కొట్టుకుంది.

"నాకు కళ్ళెక్కడున్నాయే! ఏడాదై మసక కమ్మేసింది... వాడి మొహం ఉన్నచోట తెల్లటి పొగ తప్ప ఏమీ కనిపించదే నాకు! గ్లాసు చప్పుడైతే మింగాడనుకునేదాన్ని. గుడ్డిదాన్నయ్యానని తెలిస్తే వంటా వార్పూ అన్నీ నీ మీదే పడతాయనీ, ఈ ముసలిది ఎందుకూ పనికిరానిదైందంటారనీ దాచుకున్నానమ్మా... నా కొడుకుని నా అబద్ధంతో నేనే చంపుకుంటున్నాను!"

ఆ పూట ఆ ఇంట్లో ముగ్గురూ ఏడ్చారు, ఒకరు గోడకి అటు, ఇద్దరు ఇటు.

తెల్లారగానే ఇత్వారిన్ సిగ్గు పక్కన పెట్టి భోజలికి అంతా చెప్పేసింది. భోజలి తిట్టలేదు. "నీ ఒక్క ఇంట్లోనే అనుకున్నావా పిచ్చిదానా? మా పారాలో రాళ్ళు మోసేవాళ్ళ వేళ్ళూ అరిగాయి. పద!" అంది. ఇద్దరూ కలిసి రేషన్ దుకాణం నడిపే మహిళా సంఘం వాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. వేలిముద్ర పడనివాళ్ళ బదులు ఇంకొకరి పేరు రాయించుకునే వీలుందట! "మాకు తెలుసు గానీ ఎవరూ అడగలేదు," అన్నారు వాళ్ళు. భోజలి చురుక్కున చూసింది. "ఆకలేసినోడు నోరు తెరిచి అడిగేదాకా ఆగుతారా అమ్మా? ఇక మీదట వేలు పడకుండా వెనక్కి తిరిగినవాళ్ళ పేర్లు నెల నెలా మాకివ్వండి. మేం వాళ్ళ గడపకే వస్తాం," అంది. అలా వెతికితే ఊళ్ళో పదిహేడు ఇళ్ళు తేలాయి. వాటిలో మాత్రలు మింగుతున్నవాళ్ళ ఇళ్ళు నాలుగు!

కాగితం కదిలి బియ్యం రావడానికి ఇంకో నెల పడుతుందన్నారు. ఈలోగా కడుపుకేం పెట్టాలి? పున్నమి దగ్గరికొచ్చింది. ఛేర్‌ఛేరా నాడు మా ఊళ్ళో ఎవరైనా ఎవరి గుమ్మంలోనైనా నిలబడి వడ్లు అడగొచ్చు. ఆ రోజు గాదెలున్న ఊరి పెద్ద గౌంటియా మనవళ్ళూ బుట్టలు పట్టుకుని తిరుగుతారు. లేదని ఎవరూ అనకూడదు. "ఈసారి పిల్లలతోపాటు మనమూ తిరుగుదాం. ఆ వడ్లన్నీ మందు మింగేవాళ్ళ పళ్ళేలకి," అన్నారు మితానిన్‌లు. సంఘం ఆడవాళ్ళు కొంగు బిగించి వాళ్ళ వెంట నడిచారు. కేవట్ పారా, సత్నామీ పారా, పెద్దవాళ్ళ వీధి, ఒక్క గడపా వదలకుండా "ఛేర్‌ఛేరా! అమ్మా, గాదెలో వడ్లు తియ్యి!" అని కేకలేస్తూ తిరిగితే, మధ్యాహ్నానికి బండి నిండింది.

బుధియారిన్ తన వాకిట్లో ఆ బండి ఆగిన చప్పుడు విని లేచి నిలబడింది. "మేం బిచ్చగాళ్ళం కాదు," అంది.

"ఛేర్‌ఛేరా నాడు అడగడం బిచ్చమెప్పుడైంది పెద్దమ్మా? ముందు నువ్వు మాకెయ్యి, తర్వాత తీసుకో," అంటూ భోజలి బుట్ట ముందుకు చాపింది. ముసలామె తడుముకుంటూ వెళ్ళి, గాదె అడుగున మిగిలిన పిడికెడు వడ్లు ఊడ్చి తెచ్చి, బుట్ట ఎక్కడుందో కనబడక గాలిలో పట్టుకుని నిలబడింది. భోజలి ఆమె చెయ్యి పట్టుకుని బుట్టలో పెట్టింది. బుధియారిన్ ఆ చెయ్యి విదిలించుకోలేదు.

"పెద్దమ్మా, ఒక మాట చెబుతా, కోప్పడకు. అన్నం మేం తెచ్చాం. నీ కళ్ళకి ఫాల్గుణంలో శిబిరం ఉంది, నీ పేరూ రాయించా. కానీ రేపు పొద్దున్నే అన్న మాత్ర మింగాడో లేదో చూడ్డానికి కళ్ళు మేం ఎక్కడ తేగలం? నాకు నా పారాలో మింగించాల్సినవాళ్ళు ఆరుగురున్నారు. నీ ఇంట్లో మంచి కళ్ళు రెండున్నాయి. వాటి మీద గుడ్డ కప్పింది నువ్వే!"

బుధియారిన్ బండి వెళ్ళిపోయాక కూడా చాలాసేపు ఆ గుమ్మంలోనే కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే కొత్త బియ్యం అన్నం వేడివేడిగా పళ్ళెంలో పెట్టి, ఎప్పటిలాగే ఇత్వారిన్ అత్త చేతికి ఇవ్వబోయింది. బుధియారిన్ తీసుకోలేదు. కోడలి మణికట్టు పట్టుకుని ముందు గదిలోకి నడిపించింది. బిసాహు కంగారుగా లేచి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"కూర్చో రా! నిన్ను కన్నదాన్ని చెబుతున్నా, ఇటు తిరిగి కూర్చో!" అంది తల్లి. తర్వాత వేళ్ళతో కోడలి ముసుగు అంచు వెతికి పట్టుకుని, నుదుటి మీదికి ఎత్తేసింది. "తప్పయితే ఆ తప్పు నాది. నలుగురూ ఏమైనా అంటే నన్ననమను. నాకు కళ్ళు లేవు తల్లీ... నీ కళ్ళు నా బిడ్డకి పెట్టు!"

తొమ్మిదేళ్ళకి ఇత్వారిన్ ఆయన మొహం చూసింది. తీజూ ముక్కే, తీజూ నుదురే, కానీ దవడలు లోపలికి పోయి, గడ్డం అక్కడక్కడా నెరిసి... ఇంత చిన్నవాడా! ఇంత చిక్కిపోయాడా! బిసాహు మాత్రం ఆమెను చూడలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, నాలుగు ముద్దలు తిని, అలాగే కళ్ళు మూసుకునే నోరు తెరిచాడు. ఆమె ఒక్కొక్క మాత్రే నాలుక మీద పెట్టి, నీళ్ళందించింది. మింగి, మింగినట్టు చూపించడానికి పసివాడిలా మళ్ళీ నోరు తెరిచాడు. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు కారి గడ్డంలో ఇంకిపోయాయి.

వాడలో అనేవాళ్ళు అన్నారు. అనడానికి మా వాళ్ళకి కారణం కావాలా! రెండిళ్ళవాళ్ళు కొన్నాళ్ళు ఇత్వారిన్ వస్తే తలుపేసుకున్నారు. వాళ్ళలో ఒకావిడ మొగుడికి దగ్గు తగ్గకపోతే తనే వెతుక్కుంటూ వచ్చింది. మందు మధ్యలో మానినందుకు బిసాహుకి మాత్రలు ఇంకొన్ని నెలలు పెరిగాయి. ఒక ఊపిరితిత్తి బాగా దెబ్బతిన్నదనీ, ఇక నడి ఏట్లో వల లాగడం కుదరదనీ డాక్టరమ్మ చెప్పేసింది. ఆ మాట విన్న రోజు అతను ఒడ్డుకెళ్ళి, తండ్రి నాటి పడవని పొద్దుగూకే దాకా తడుముతూ కూర్చున్నాడు. మర్నాటి నుంచీ వెలుగున్నంతసేపూ వలలు అల్లి అమ్ముకునే పని మొదలుపెట్టాడు. రోజూ పొద్దున్నే కళ్ళు మూసుకుని నోరు మాత్రం తెరిచేవాడు.

నెలన్నర అయ్యాక ఒక పొద్దున, మాత్రలయ్యాక పళ్ళెం తీసుకుని ఇత్వారిన్ వెనక్కి తిరిగింది. పళ్ళెంలో ఒక్క మెతుకు లేదు. వెనక నుంచి గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది.

"నోనీ..."

మాలో ఇంటి ఆడపిల్లని అలా పిలుస్తాం. ఇత్వారిన్ ఆగిపోయింది. తిరిగి చూస్తే బిసాహు కళ్ళు తెరిచే ఉన్నాడు. చూపు మాత్రం ఆమె చేతిలో పళ్ళెం మీద ఉంది.

"ఇంకొంచెం అన్నం ఉందా?"

"ఉంది! చాలా ఉంది బావగారూ... తెస్తున్నా!" అంటూ వంటింట్లోకి పరుగెత్తింది ఇత్వారిన్. కుండ మూత తీసింది గానీ, కళ్ళ నిండా నీళ్ళు నిండి గరిటె ఎక్కడుందో ఎంతకీ కనబడలేదు.